కమ్యూనిటీ పెట్టే ముందు కీల సంగతి

చిరంజీవికి ఆశీస్సులు.

హైవ్ అనే బ్లాక్‌చెయిన్ బ్లాగుల వేదికలో కమ్యూనిటీ పెడతానన్నావు. 3 హైవ్ టోకెన్లు కట్టి తెరవడం క్షణాల పని. కానీ ఆ కమ్యూనిటీ కూడా చెయిన్ (ఎవరూ చెరపలేని ఉమ్మడి రికార్డు) మీద ఒక అకౌంటే. దాని కీ, అంటే సంతకం పెట్టే రహస్య తాళం, ఎవరి చేతిలో ఉంటే కమ్యూనిటీ వాళ్లది. "మనందరిదీ" అని రాసిపెట్టి కీ నువ్వొక్కడివే దాచుకుంటే ఆ మాటకు విలువ లేదు.

అందుకని మొదటి రోజే ఓనర్ అధికారాన్ని, అంటే మిగతా కీలన్నిటినీ మార్చగల పైస్థాయి అధికారాన్ని, ముగ్గురి పబ్లిక్ కీలకు (రహస్య కీకి జతగా బయటికి చూపేవి) మార్చు. ఒక్కో కీకి బరువు 1, త్రెషోల్డ్ (సంతకం చెల్లడానికి కావాల్సిన మొత్తం బరువు) 2. ఇద్దరు సంతకం పెడితేనే మార్పు జరుగుతుంది, ఒకరి కీ పోయినా పని ఆగదు. త్రెషోల్డ్ 3 మాత్రం వద్దు, ఒక్కరు కనపడకుండా పోతే అకౌంటుకు దారి మూసుకుపోతుంది. టోకెన్లు పంపే యాక్టివ్ అధికారానికీ ఇదే లెక్క. అకౌంటు తెరిచినప్పటి పాత మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి వచ్చిన కీ ఏదైనా జాబితాలో మిగిలిపోయిందేమో చూసుకో, చాలామంది తప్పేది అక్కడే. సభ్యులకు మోడరేటర్ లాంటి పాత్రలు ఇవ్వడానికి, పోస్టులు రాసే పోస్టింగ్ కీ చాలు. అది ఒకరి దగ్గరున్నా పరవాలేదు, వాళ్లు దారి తప్పితే మిగతా ఇద్దరూ మార్చేయగలరు. రికవరీ అకౌంటుగా (ఓనర్ కీ దొంగల పాలైతే తిరిగి తెచ్చుకోవడానికి సాయపడేది) నమ్మకమైనవాళ్లను పెట్టు. ఆ మార్పు అమలుకు 30 రోజులు పడుతుంది, కాబట్టి ఆపద వచ్చాక చేద్దామంటే కుదరదు.

టోకెన్లను ఎక్స్ఛేంజీలో (టోకెన్లు కొని అమ్మే సంస్థ) వదిలేయవద్దని సభ్యులకు చెప్పు. 2020 మార్చిలో, హైవ్‌కు ముందున్న స్టీమ్ చెయిన్‌లో ఎక్స్ఛేంజీలు ఖాతాదారుల టోకెన్లతోనే విట్‌నెస్‌లకు (ఓట్లతో ఎన్నికై చెయిన్‌ను నడిపేవాళ్లు) ఓట్లేశాయి. ఆ గొడవలోంచే అదే నెల 20న హైవ్ విడిపోయింది. ఇప్పుడు కొత్తగా పవర్‌అప్ చేసిన (ఓటు బలం కోసం కట్టిపెట్టిన) టోకెన్లకు విట్‌నెస్ ఓటు 30 రోజుల తర్వాతే.

ఇక కీలతో కుదరనివి. మ్యూట్ చేస్తే పోస్టు కనపడకుండా పోతుందంతే, చెయిన్‌లో అలాగే ఉంటుంది. ఎడిట్ చేసినా పాత పాఠం పోదు. కాబట్టి ఇతరుల సొంత వివరాలు రాసేముందు వాళ్లను అడగాలన్న నియమం పైనే పిన్ చెయ్యి. బొమ్మ వేసినవారికీ అనువదించినవారికీ పోస్టు రాబడిలో వాటా ఇవ్వాలంటే ప్రచురించేటప్పుడే బెనిఫిషియరీగా (వాటాదారుగా) చేర్చాలి, ఓటు పడ్డాక కుదరదు. తర్వాత ఇస్తానన్న మాట దగ్గరే స్నేహాలు చెడతాయి.

డౌన్‌వోట్ (పోస్టు రాబడిని తగ్గించే వ్యతిరేక ఓటు) విషయం ముందే తేల్చుకోండి. పోస్టు పడిన 7 రోజులకు చెల్లింపు అయిపోతుంది, వేయదలిస్తే ఆ లోపే వేయాలి. దొంగిలించిన రాతకు వేయండి, నచ్చని అభిప్రాయానికి వేయకండి. వేసినవాళ్లు కారణం కింద కామెంటులో రాయాలి. రాయనివాళ్లకు మోడరేటర్ పాత్ర ఇవ్వకు.