ఇనప ముక్క అంటే చాలదు

తమ్ముడికి,

నీ కథ చదివాను. తాళంలో పిన్ను కదిలిన చప్పుడు కోసం కుర్రాడు ఊపిరి బిగబట్టే పేరా బాగుంది. దానికి ముందు పేజీలో మాత్రం "చేతికందిన ఇనప ముక్కను అరగదీసి పిక్ చేసుకున్నాడు" అని ఒక్క వాక్యంతో దాటేశావు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

పిక్ అంటే తాళంచెవి లేకుండా, తాళంలో స్ప్రింగుల కింద ఉండే చిన్న పిన్నులను ఎత్తే సన్నని పనిముట్టు. చేతికందిన ఇనప ముక్క పిక్ అవదు. పేపర్ క్లిప్పూ, సెంట్రింగ్ పనిలో వాడే బైండింగ్ వైరూ మెత్తని ఇనుము. పిన్ను మీది స్ప్రింగు ఎదురుతోస్తే వంగి, అలాగే ఉండిపోతాయి. కావలసింది వంచి వదిలితే మళ్ళీ నిటారయ్యే ఉక్కు. ముక్కను ముప్పై డిగ్రీలు వంచి వదిలి చూడాలి. వంపు నిలిచిపోతే మెత్తన, టప్పున విరిగితే పెళుసు, లేచి నిలబడితే స్ప్రింగ్ స్టీలు. కంటికి అద్దాలు లేకుండా ఈ పరీక్ష చేయకూడదు, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

నీ కుర్రాడు ఉండేది మలక్‌పేటలో. సికింద్రాబాద్ రాణీగంజ్ పంపించు. పనిముట్ల దుకాణంలో ఫీలర్ గేజ్ సెట్టు అడగమను. మెకానిక్కులు సందులు కొలిచే ఆ రేకుల మీద మందం చెక్కి ఉంటుంది, అదే దాని గొప్ప. 0.6 మి.మీ. రేకు మామూలు తాళానికి, 0.4 ఇరుకు తాళపు రంధ్రానికి. 0.2 కంటే పలచనివి పిక్‌కు పనికిరావు, పక్కకు మెలిదిరుగుతాయి. డబ్బు తక్కువైతే హాక్సా బ్లేడు, మందం 0.6 మి.మీ. పైచిలుకు. అక్కడా చూసుకోవాలి. మొత్తం గట్టిపరిచిన బ్లేడు వంచితే విరుగుతుంది. ఫ్లెక్సిబుల్ రకానికి, బైమెటల్ రకానికి పళ్ళ అంచే గట్టి, వీపు సాగుడు ఉక్కు. పళ్ళను పూర్తిగా గ్రైండ్ చేసి పారేసి, పిక్‌ను వీపు వైపు నుంచి తీయాలి. టెన్షన్ రెంచికి, అంటే పిన్నులు ఎత్తుతుండగా తాళాన్ని తిప్పే ఒత్తిడి ఇచ్చే పట్టీకి, పాత కారు వైపర్‌లో రబ్బరును పట్టి ఉంచే స్టీలు పట్టీలు భేషుగ్గా ఉంటాయి. పట్టకారుతో చల్లగానే వంచవచ్చు, మూల మరీ పదునుగా వద్దు, పగులుతుంది. వంటింటి స్టెయిన్‌లెస్ చెంచా మాత్రం మెరుపే, వంచితే వంగి ఉండిపోతుంది.

ఇక అరగదీయడం. కథంతా ఇక్కడే ఉంది, నువ్వేమో ఒక్క క్రియతో సరిపెట్టావు. గ్రైండర్ మీద పలచని కొస క్షణాల్లో కాలుతుంది. 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు గడ్డిరంగుకు తిరుగుతుంది, 300 దగ్గర నీలం. నీలం దాటితే గట్టిదనం పోయినట్టే, ఆ కొస మొదటి పిన్ను కిందే వంగిపోతుంది. అందుకే తొడుగు లేని వేళ్ళతో పట్టుకోవాలి: వేళ్ళకు వేడి తగిలేలోపే నీళ్ళలో ముంచాలి. ముందే నీలంగా అమ్మే పట్టీ అయితే రంగును నమ్మలేం, వేళ్ళనే నమ్మాలి. ఆకృతి వచ్చాక ఆకురాయి, తర్వాత ఎమరీ కాగితం, గరుకు నుంచి నునుపుకు నంబర్లు 220, 400, 600, 1000. రుద్దుడు పొడవు వెంబడే సాగాలి. అడ్డ గీత మిగిలితే పగులు అక్కడే మొదలవుతుంది. కొస కింది సన్నని మెడ దగ్గర లోపలి మూల గుండ్రంగా లేకపోయినా అంతే. పిడికి, వేడి తగిలితే ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ ట్యూబు రెండు పొరలు చాలు.

"ఈ వివరం పాఠకుడికి బరువు" అంటారు కొందరు సంపాదకులు. నా వ్యాసాల్లో కొలతలన్నీ కొట్టేసి, విశేషణాలు మాత్రం వదిలిన వాళ్ళను చూశాను. ఆ మాట నమ్మకు. కుర్రాడు నీలమైన కొసను చూసి పళ్ళు కొరుక్కుంటే, తర్వాత వచ్చే పిన్ను చప్పుడు పేరా పదింతలు బరువెక్కుతుంది.

ఇంకో సంగతి. నీ కుర్రాడు తెరిచింది గోద్రెజ్ నవ్‌తాల్ అని రాశావు. అది లివర్ తాళం, లోపలి పలక రేకులను (లివర్లను) ఎత్తితేనే గడియ కదులుతుంది, అందులో నువ్వు వర్ణించిన పిన్నులు ఉండవు. దాని లివర్లను ఎత్తడానికీ గడియను తోయడానికీ వేరే, మందమైన తీగ పనిముట్లు కావాలి. పిన్నులుండే (పిన్ టంబ్లర్) రకం చిన్న ఇత్తడి తాళంకప్పగా మార్చు, పేరా దక్కుతుంది. ఒక్క నిమిషంలో తెరిచాడన్నది కూడా తీసెయ్. 1851లో లండన్‌లో ఎవరూ తెరవలేరని పేరున్న బ్రామా తాళాన్ని తెరవడానికి అమెరికా తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్‌కు, ప్రత్యేకంగా చేయించుకున్న పనిముట్లతో, 16 రోజుల్లో విడతలుగా 51 గంటలు పట్టింది. మన సినిమాల్లో హెయిర్‌పిన్‌తో తాళం తెరిచే ఫ్యాషన్ నీ కథలోకి రానివ్వకు.

ఆ తాళం వాడి సొంతదే కావాలి, తలుపుకు వేసి ఉన్నది కాకూడదు. కొస విరిగి లోపల ఇరుక్కుంటే ఇల్లే తెరుచుకోదు. ఇంటి తాళం మీద నేర్చుకునేవాణ్ణి ఈ విద్య తెలిసినవాళ్ళెవరూ మెచ్చరు.

ఏ పత్రికకు పంపాలో ఇప్పుడు అడక్కు. ముందు ఒక 0.6 రేకు కొని, నీ చేత్తో కొస వంకీగా ఉండే ఒక హుక్ పిక్ తీసి, ఆ పేజీ మళ్ళీ రాసి పంపు. మెడ ఎక్కడ విరిగిందో కూడా రాయి.

ఆశీస్సులతో,
అన్న