పగడాల తొట్టికి పగటి వెలుగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది నల్లగొండలో పానగల్లు వైపు ఒక అంతస్తు స్లాబు ఇల్లు. హాల్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో ఉప్పునీటి చేపలను పెంచుతున్నాను. ఇప్పుడు పగడాలను కూడా పెంచాలని ఉంది. ఖరీదైన ఎల్‌ఈడీ దీపాలకు బదులు స్లాబుకు రంధ్రం చేయించి, స్కైలైట్ ట్యూబ్ (లోపల మెరిసే పూత ఉండి, కప్పు మీది వెలుగును కిందికి దింపే గొట్టం) ద్వారా ఎండను నేరుగా తొట్టి మీదికి దింపితే సరిపోతుందా? మన జిల్లాలో ఎండకు కొదువ లేదు కదా! దీనివల్ల నీళ్ళు వేడెక్కుతాయా? కరెంటు ఖర్చు ఎంత తగ్గుతుంది?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఎండకు కొదువ లేదన్న మీ మాట మే నెలకు నిజం, జూలైకి కాదు. మీ ప్రశ్నకు జవాబంతా ఈ తేడాలోనే ఉంది. గొట్టం పెట్టించుకోవచ్చు, దానితో పగడాలు చక్కగా పెరుగుతాయి కూడా. అయితే నడివేసవి ఎండను చూసి కాక, వారం రోజులు వదలని ముసురును చూసి లెక్క వేసుకోవాలి.

సూర్యకాంతితో పగడాలను పెంచడం కొత్త సంగతి కాదు. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ పగటి వెలుగు, సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు మాత్రమే ఆధారంగా పగడాలను పెంచిన తన పద్ధతిని 1961లోనే వివరించాడు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో ప్రజల కోసం తెరిచిన అక్వేరియంలో 25 లక్షల లీటర్ల పగడాల తొట్టి ఆరుబయట, సూర్యకాంతిలోనే ఉండేది. ఆ తొట్లకు ఆకాశమంతా కనిపించేది. మీ తొట్టికి కనిపించేది మాత్రం గొట్టం నోటి మేరకే. పగడపు జీవి కణాలలో నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ జరిపి, తమ ఆశ్రయదాతకు కావలసిన ఆహారంలో ఎక్కువ భాగాన్ని సమకూరుస్తాయి కనుక, గొట్టం తెచ్చే వెలుగు కంటికి ఎంత ప్రకాశంగా ఉందన్నది కాక, శైవలాలకు ఎంత అందుతుందన్నది చూడాలి. దీనిని చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోల్ ఫోటాన్లు (కాంతి కణాలు) అని కొలుస్తారు. నిండు మధ్యాహ్నపు ఎండ సుమారు 2000 ఉంటుంది. మష్రూమ్ కోరల్, జొయాంథస్, లెదర్ కోరల్ వంటి మెత్తని పగడాలకు 50 నుంచి 150 చాలు. కొమ్మలు వేసే రాతి పగడాలకు 200 నుంచి 400 వరకు కావాలి.

పద్నాలుగు అంగుళాల గొట్టం నోటి వైశాల్యం చదరపు మీటరులో పదో వంతుకు కొంచెం తక్కువ. కాబట్టి నడినెత్తి ఎండలో అది సెకనుకు దాదాపు 200 మైక్రోమోల్ పట్టుకుంటుంది. పైనున్న గోపురపు మూత, గొట్టం గోడలు, కింది బిళ్ళ కలిసి అందులో పావు వంతుకు పైగా తినేస్తాయి. మిగిలిన దానిలో మూడో వంతు తొట్టి పక్కలకు చెదిరిపోయిందనుకున్నా, మీ తొట్టి నీటి పైభాగం 0.42 చదరపు మీటరే కనుక, దాని మీద చదరపు మీటరుకు సగటున 230 దాకా పడుతుంది. డిసెంబరు మధ్యాహ్నం ఇది 170కి తగ్గుతుంది. ముసురు పట్టిన రోజున బయటి వెలుగే పదో వంతుకు పడిపోతుంది. పైగా మబ్బుల కాంతి అన్ని దిక్కుల నుంచి ఏటవాలుగా గొట్టంలోకి దూరి, గోడలకు ఎక్కువసార్లు తగిలి నీరసిస్తుంది. అలాంటి రోజు తొట్టికి 20 అందినా గొప్పే. ఒకటి రెండు రోజులైతే పగడాలు ఓర్చుకుంటాయి కానీ, జూలై, ఆగస్టు నెలల్లో వారాల తరబడి ఇదే తీరైతే రంగు తగ్గి, ముడుచుకొని, క్రమంగా చిక్కిపోతాయి.

గొట్టం లోపలి పూత నాణ్యత దగ్గర పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. డిసెంబరులో ఉదయం తొమ్మిది గంటలకు నల్లగొండలో సూర్యుడు దిగంతానికి 28 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు నాలుగడుగుల గొట్టంలో కిరణం అడుగుకు చేరేలోపు ఆరేడు సార్లు గోడలకు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ 98 శాతం కాంతిని తిప్పికొట్టే పూత ఉంటే నూటికి 88 పాళ్ళు కిందికి దిగుతాయి. స్థానికంగా మామూలు అల్యూమినియం రేకును చుట్టి చేయిస్తే, అది 85 శాతం తిప్పికొట్టినా చివరికి మిగిలేది 35 పాళ్ళే. గొట్టం పొడవు పెరిగినా, మధ్యలో వంపు పెట్టినా నష్టం పెరుగుతుంది. కాబట్టి తొట్టికి సరిగ్గా నిట్టనిలువుగా పైన, బీము తగలని చోట రంధ్రం ఉండాలి. అవసరమైతే తొట్టినే జరపండి కానీ గొట్టాన్ని వంచకండి.

వేసవిలో సమస్య తలకిందులవుతుంది. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే రెండో వారంలోనూ, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య కాలంలో కూడా 83 డిగ్రీలకు తగ్గడు. అప్పుడు కిరణాలు గోడలను తాకకుండా సూటిగా కిందికి దూకుతాయి. కింది బిళ్ళ పారదర్శకంగా ఉంటే గొట్టం కింద పళ్ళెమంత చోట 1400కు పైగా వెలుగు పడి, తొట్టి మూలలు చీకటిగానే ఉంటాయి. నీటి అడుగున అలల నీడలు ఆడుతుంటే చూడముచ్చటగా ఉంటుందన్నది నిజమే, కానీ ఆ వృత్తంలో ఉన్న పగడం మాడిపోతుంది. కాంతిని పరిచే బిళ్ళనే ఎంచుకొని, దానిని నీటికి అడుగు ఎత్తులో ఉంచండి. గొట్టం అడుగు భాగం గాలి చొరకుండా బిగించి ఉండాలి. లేకపోతే నీటి తుంపరల ఉప్పు లోపలికి చేరి పూతను పాడు చేస్తుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పాలీకార్బొనేట్ గోపురం మంచిది. దీపాల కింద పెరిగిన పగడాలకు ఆ కిరణాల అలవాటు ఉండదు.

ముసురు తర్వాత ఒక్కసారిగా తెరిపి ఇచ్చే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరింత జాగ్రత్త అవసరం. తక్కువ వెలుగుకు అలవాటు పడిన పగడం తన శైవలాలను, వర్ణకాలను పెంచుకొని ఉంటుంది. హఠాత్తుగా పదింతల వెలుగు పడితే ఆ శైవలాలే హాని చేసే ఆక్సిజన్ రూపాలను తయారు చేస్తాయి, పగడం వాటిని వెళ్ళగొట్టి తెల్లబారుతుంది. అందుకే వానాకాలమంతా ఎల్‌ఈడీ వెలుగుతో మధ్యాహ్నపు కాంతిని 100కు తగ్గకుండా నిలపండి. తెరిపి వచ్చాక గోపురం మీద నర్సరీల్లో వాడే నీడ వలను రెండు పొరలు కప్పి, వారానికో పొర తీసేయండి. దీనిని బట్టి ఎల్‌ఈడీని పూర్తిగా మానుకోవడం కుదరదని మీకు అర్థమై ఉంటుంది. ఒక మధ్యరకం నీలి, తెలుపు ఎల్‌ఈడీని ఉదయం, సాయంత్రం రెండేసి గంటలు, ముసురు రోజుల్లో పగలంతా వెలిగించండి. ఎండ ఒక్కదాని కింద పగడాలు కొంత గోధుమరంగుగా కనిపిస్తాయి. వాటి మెరుపు రంగులు బయటపడేది నీలి కాంతిలోనే.

వెలుగును కొలవడానికి ఖరీదైన మీటరు లేకపోయినా ఇబ్బంది లేదు. మామూలు లక్స్ మీటరును నీటి మట్టం దగ్గర ఉంచి, వచ్చిన అంకెను 54తో భాగిస్తే ఎండకు సంబంధించినంత వరకు మైక్రోమోల్ విలువ సుమారుగా వస్తుంది. నీలి ఎల్‌ఈడీకి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇక వేడి సంగతి. గొట్టం నోటి మీద పడే ఎండ శక్తి మొత్తం కలిపి 100 వాట్లకు మించదు, అందులోనూ కొంత పైనే ఆగిపోతుంది. అంతే వెలుగునిచ్చే ఎల్‌ఈడీ కూడా దాదాపు అంతే వేడినిస్తుంది. మీ నీటిని వేడెక్కించేది గొట్టం కాదు, 44 డిగ్రీలు దాటే మన వేసవి గాలి. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి, 30 దాటితే ప్రమాదం. గొట్టం ఉన్నా లేకపోయినా ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. ఫ్యాను గాలితో చల్లబరిస్తే నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆ లోటును ఉప్పు కలపని ఆర్‌ఓ నీటితోనే పూడ్చాలి. బోరు నీటిని వాడితే అందులోని లవణాలు, ఫ్లోరైడు ప్రతి పూడికతోనూ తొట్టిలో పేరుకుపోతాయి, ఫ్లోరైడు బాధ తెలిసిన జిల్లావాసులకు నేను విడమరచి చెప్పనవసరం లేదు.

కరెంటు ఆదా కోసమే అయితే ఈ పని పెట్టుకోవద్దు. 100 వాట్ల దీపం రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 24 యూనిట్లు. అందులో సగానికి పైగా మిగిలినా, స్లాబు కోయించి గొట్టం బిగించిన ఖర్చు రావడానికి ఏళ్ళు పడుతుంది. వేసవిలో చిల్లర్ ఒక్కటే అంతకు మించి వాడుతుంది. పగటితో పాటు మారే వెలుగులో పగడాలను చూడాలన్న ఇష్టం ఉంటేనే చేయించండి. ఆ ఇష్టం ఉంటే ఇది చేయదగిన పనే.

రంధ్రాన్ని కోర్ కటింగ్ మిషనుతో, ఇంజనీరుకు ఊచల వరస చూపించాకే కోయించండి. చుట్టూ అర అడుగు గట్టు కట్టించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వానలకు ముందే నీళ్ళు నిలిపి పరీక్షించండి. వడగళ్ళకు, కోతులకు తట్టుకునేలా గోపురం మీద పెద్ద కన్నుల జాలీ బిగించి, వేసవిలో వారానికోసారి దుమ్ము కడగండి.

పగడాల ఎంపికలో ఒక మాట మరువకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే, బతికినదైనా ఎండినదైనా, కొనడం నేరం. మీ తొట్టికి మెత్తని పగడాలు చాలు. గొట్టం ఇచ్చే వెలుగుకు సరిగ్గా సరిపోయేవి కూడా అవే.

ప్రశ్న: మా పెంకుటింటి కప్పులో అద్దపు పెంకు ఒకటి ఉంది. దాని కింద మంచినీటి మొక్కల తొట్టి పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పెట్టవచ్చు, కానీ సరిగ్గా దాని కింద వద్దు. అద్దపు పెంకు నుంచి దిగే ఎండ మరక పొద్దుతో పాటు గదిలో పడమర నుంచి తూర్పుకు జరుగుతుంది. మధ్యాహ్నం అది పడే చోట చిన్న తొట్టి ఉంటే నీరు వేడెక్కి, అందులో కరిగిన ఆక్సిజన్ తగ్గి, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. గాజు మీద పచ్చపాచి కూడా పడుతుంది. ఉదయం తొమ్మిదిలోపు మరక పడే పడమటి గోడ వైపు తొట్టి పెట్టండి. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి మొక్కలకు ఆ గంట రెండు గంటల ఎండ, మిగతా పగటి పరోక్ష కాంతి సరిపోతాయి. ముసురు రోజుల్లో ఒక చిన్న తెల్ల ఎల్‌ఈడీ బల్బును ఆరు గంటలు వెలిగిస్తే చాలు.