ఫుల్ ఫ్రేమ్ కొనేముందు వేసుకోవాల్సిన లెన్సుల లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: రాయగడలో పెళ్లిళ్లు తీస్తున్నారు, పాత క్రాప్ సెన్సర్ (ఫొటో పడే చిప్ చిన్నగా ఉండే) డీఎస్ఎల్ఆర్, దానికి రెండు లెన్సులు ఉన్నాయి. 2 లక్షలు కూడబెట్టారు. ఆ డబ్బంతా ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీకి పెట్టేసి, లెన్సుల సంగతి తర్వాత చూసుకోవచ్చా అని.

వద్దండి. పర్లాకిమిడిలో నేను సరిగ్గా అదే పని చేసి ఒక సీజనంతా బాధపడ్డాను.

మా వైపు తెలుగువాళ్ల పెళ్లయినా, ఒడియావాళ్ల పెళ్లయినా చాలావరకు రాత్రి ముహూర్తాలే. కొత్త కెమెరాతో నా మొదటి పెళ్లికి ముహూర్తం రాత్రి 1:40. ఉన్నది బాడీతో వచ్చిన కిట్ లెన్స్. జూమ్ చేశానంటే ఎఫ్/6.3 దగ్గర ఆగిపోతుంది (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది). పైన రంగు గుడ్డ పందిరి, ఫ్లాష్ బౌన్స్ చేద్దామంటే తెల్లటి సీలింగ్ లేదు. నేరుగా కొడితే వెనక పూల అలంకరణంతా నల్లబడిపోతోంది. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కాసేపటికి ఫ్లాష్ ఆపేసి, షట్టర్ 1/125 సెకనులో ఉంచాను. ఐఎస్ఓ (చీకట్లో ఫొటోని వెలిగించే సెట్టింగ్, పెంచేకొద్దీ ఫొటో గరుకుగా వస్తుంది) 12800కి ఎక్కింది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, పెళ్లికూతురి బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురాల్లా ఉండాల్సిన కుంభాలు పసుపు ముద్దలా కలిసిపోయాయి. ఆ క్షణం మళ్లీ తీయలేం కదా. ఆ అమ్మాయి ఆల్బమ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అదే చోట ఎఫ్/2.8 లెన్స్ ఉండుంటే ఐదు రెట్లు వెలుతురు వచ్చేది, ఐఎస్ఓ 2500తో పని జరిగిపోయేది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36x24 మిల్లీమీటర్లు, విస్తీర్ణంలో క్రాప్ సెన్సర్‌కి రెట్టింపు పైనే. దానివల్ల మనకు వచ్చే లాభం ఒక స్టాప్ పైచిలుకు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). నా కిట్ లెన్స్ పోగొట్టింది రెండు స్టాపుల పైచిలుకు. అంటే డబ్బు పోసి కొన్న లాభం మొత్తాన్నీ లెన్సే తినేసింది.

మీ దగ్గరున్న రెండు లెన్సులు క్రాప్ సెన్సర్ కోసం చేసినవైతే, అడాప్టర్‌తో ఫుల్ ఫ్రేమ్‌కి తగిలించినా కెమెరా మధ్య భాగాన్నే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల బాడీ 10 దగ్గరకు పడిపోతుంది. వాటి పేర్లు ఒకసారి చూసుకోండి. కేనన్‌లో ఈఎఫ్ అని ఉంటే ఫుల్ ఫ్రేమ్‌కి పనికొస్తుంది, ఈఎఫ్-ఎస్ అంటే క్రాప్‌ది. నికాన్‌లో డీఎక్స్ అని ఉంటే క్రాప్‌ది. నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సులుంటే ఇంకో మాట: వాటిని నికాన్ మిర్రర్‌లెస్‌కి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో వాటిని నడిపే మోటర్ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఏఎఫ్-ఎస్ అయితే ఆ ఇబ్బంది లేదు.

కంపెనీని కూడా లెన్సుల వైపు నుంచే ఎంచుకోండి. సోనీ మిర్రర్‌లెస్‌ల లెన్స్ బిగింపు ‘E’ మౌంట్‌కి టామ్రాన్ కంపెనీ 28-75 ఎంఎం ఎఫ్/2.8 జూమ్ 2018లోనే వచ్చింది, బరువు 550 గ్రాములే, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది. కేనన్ మిర్రర్‌లెస్‌ల మౌంట్ ఆర్ఎఫ్‌కి సిగ్మా, టామ్రాన్ కంపెనీలు 2024లో ప్రకటించినవి క్రాప్ లెన్సులే. అయితే పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ మీద చక్కగా పనిచేస్తాయి. మన ఊళ్లలో డీఎస్ఎల్ఆర్ వదిలేస్తున్న పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర అవి దొరుకుతాయి కాబట్టి, కేనన్ కూడా మంచి దారే అంటాను.

నేనైతే 2 లక్షల్లో సగానికి పైగా లెన్సులకే తీసి పక్కన పెడతాను: ఒక ఎఫ్/2.8 జూమ్, ఒక 50 ఎంఎం ఎఫ్/1.8. మిగిలినదాంట్లో ఒక తరం పాత బాడీ, వాడినదైనా సరే. బాడీకి కొత్త మోడల్ రాగానే రేటు పడిపోతుంది, మంచి లెన్స్‌కి అంత త్వరగా పడదు. నేను చివరికి ఆ కొత్త బాడీని నష్టానికి అమ్మి ఇదే చేశాను. అద్దెకు తెచ్చుకుందామన్నా మా ఊరికి భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో రావాలి. వరుస ముహూర్తాలున్న వారంలో ఆ టెన్షన్ పడలేం.

వాడిన లెన్స్ కొనేటప్పుడు రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా సన్నగా కనిపిస్తే అది ఫంగస్. బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు తేమలో ఉన్న లెన్సులైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్, వీటి ఖర్చు కూడా లెన్స్ ఖర్చులోనే వేసుకోండి. నేను డబ్బాలో తేమ 45 శాతం దగ్గర ఉంచుతాను.

మీ రెండు లెన్సుల మీద రాసినది ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, ఏది ఉంచుకోవచ్చో ఏది అమ్మేయాలో చెప్తాను.