అమ్మాయీ, ఆ కాగితం ఎవరి చేతి మీదుగా పోయింది?

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది, రెండోసారికి కాస్త చల్లబడ్డాను, అందుకే జవాబు రాస్తున్నాను. నా మనవరాలి ఈడు దానివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

రాబర్ట్ బ్యూటో లాంటి చరిత్రకారుడి మీద తెలుగులో రాయాలని నీకు తట్టడం బాగుంది. మెచ్చుకోలు ఇంతటితో సరి.

మొదటి రెండు పేజీలూ బయోడేటా. స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, ప్రిన్స్‌టన్‌లో పాఠాలు, తర్వాత సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ, జపాన్ లొంగుబాటు మీద 1954లో ఒక పుస్తకం, యుద్ధకాలపు జపాన్ ప్రధాని టోజో మీద 1961లో ఇంకోటి, 1974లో మూడోది. పెళ్లిళ్ల పేరయ్యకి ఇచ్చే కాగితంలా ఉంది. రెండో పుస్తకానికీ మూడోదానికీ మధ్య పదమూడేళ్లున్నాయి కదా, ఆ మనిషి దేని వెంట పడ్డాడో అని నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా? ఇప్పుడు ఏడాదికి రెండు పుస్తకాలు దించేవాళ్లని చూసి చూసి, పదమూడేళ్లంటే ఖాళీగా కూర్చున్నాడనుకున్నావేమో.

ఆ మూడో పుస్తకంలో ఉన్నది చెబుతా విను. 1940 చివర్లో ఇద్దరు అమెరికన్ క్యాథలిక్ మతగురువులు, బిషప్ వాల్ష్, ఫాదర్ డ్రౌట్, టోక్యో వెళ్లారు. వాళ్లకి ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో ఎవరూ పిలవకుండానే పెద్దమనుషులు దిగుతారే, అలా దిగారు. జపాన్ వైపు నుంచి ఇకావా అనే బ్యాంకు మనిషి, ఇవాకురో అనే కల్నల్ వచ్చి చేరారు. అంతా కలిసి అమెరికాకీ జపాన్‌కీ యుద్ధం రాకుండా వాషింగ్టన్‌లో 1941 ఏప్రిల్‌కల్లా ఒక ఒప్పందం ముసాయిదా తయారుచేశారు. అమెరికా విదేశాంగ మంత్రి హల్ దానికి సరే అనలేదు. మాటలు మొదలుపెట్టడానికి పనికొస్తుందేమో చూద్దాం, ముందు ఈ నాలుగు సూత్రాలు ఒప్పుకోండి అన్నాడు. జపాన్ రాయబారి నొమురా ఆ నాలుగు సూత్రాలనీ పక్కన పెట్టి ముసాయిదా మటుకు పంపాడు. టోక్యోలో దాన్ని అమెరికా ప్రభుత్వమే ఇచ్చిన ప్రతిపాదన అనుకుని సంబరపడ్డారు. ఆ తర్వాత అమెరికా తన అసలు షరతులు బయటపెట్టేసరికి, వీళ్లు మాట మార్చారే అనిపించింది వాళ్లకి. తెలిసిందా? కాగితం ఎవరు రాశారు, ఎవరి చేతి మీదుగా పోయింది, అవతలివాడు దాన్ని ఎవరిదనుకుని చదివాడు. దౌత్య చరిత్ర అంటే నాకు తెలిసింది ఇంతే. దీన్నంతా నువ్వు 'కొందరు మధ్యవర్తులు విఫలయత్నం చేశారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

ఇక నాకు కోపం తెప్పించిన వాక్యం. 'ఒక్క పదానికి తప్పు అనువాదం, ఫలితం హిరోషిమా!' అని ఆశ్చర్యార్థకం కూడా పెట్టావు. యూట్యూబ్ వీడియోలకి ఇలాంటి బొట్టూ కాటుకా పెడతారు. లొంగిపొమ్మని జపాన్‌కి చెప్పిన పోట్స్‌డామ్ ప్రకటన వచ్చింది 1945 జులై 26న. అప్పటి జపాన్ ప్రధాని సుజుకి విలేకరుల ముందు 'మొకుసత్సు' అన్నది 28న. మౌనంతో చంపడం అని ఆ మాటకి అక్షరార్థం, పట్టించుకోం అనీ చెప్పుకోవచ్చు, ప్రస్తుతానికి ఏమీ అనం అనీ చెప్పుకోవచ్చు, నిజమే. కానీ బాంబు వెయ్యమని వాషింగ్టన్ నుంచి అమెరికా వైమానిక దళం జనరల్ స్పాట్జ్‌కి రాతపూర్వకంగా ఉత్తర్వు వెళ్లింది 25న. సుజుకి నోరు తెరవడానికి మూడు రోజుల ముందే! అంతకుముందే జపాన్ విదేశాంగ మంత్రి టోగో, బేషరతు లొంగుబాటుకి ఒప్పుకోం అని మాస్కోలోని రాయబారి సాతోకి పంపిన టెలిగ్రామ్‌లని అమెరికావాళ్లు విప్పి చదువుతూనే ఉన్నారు. మూడు తేదీలు పక్కపక్కన రాసుకుని ఉంటే నీ ఆశ్చర్యార్థకం దానంతటదే రాలిపోయేది.

నీకు చెబుతున్నాను గానీ నేనూ తిన్నాను దెబ్బలు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి, తెలుసుగా. దాని మీద రాద్దామని కుర్రతనంలో ఒక రికార్డుల ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాను. వెళ్లినప్పుడల్లా ఫైలు బైండింగ్‌కి వెళ్లిందనేవారు. చివరికి అటెండర్ జాలిపడి తీసిచ్చాడు. అందులో ఒక పోర్టు గుమస్తా అర్జీ ఉంది, పెళ్లాంపిల్లల్ని పల్లెకి పంపాలి, ఒక నెల జీతం ముందుగా ఇప్పించండి అని. సిరా అలుక్కుపోయి ఉంది. దాని చుట్టూతానే వ్యాసం అల్లాను. పత్రిక ఎడిటర్‌గారు (పేరెందుకులే, పోయినాయన) ఆ అర్జీ మొత్తం కోసేసి, 'విశాఖపై నిప్పుల వాన' అని హెడ్డింగ్ పెట్టి, విమానం బొమ్మ వేయించారు. జనానికి గుమస్తా ఎందుకయ్యా అన్నారు. నలభయ్యేళ్లయింది, ఇంకా మంటే.

నీ వ్యాసంలో ఆఖరి పేరాకి ముందు ఒక చిన్న వాక్యం ఉంది. 1978లో రూజ్‌వెల్ట్ లైబ్రరీలో బ్యూటోకి పాత రికార్డింగులు దొరికాయని. అక్కడ నేను లేచి కూర్చున్నాను. 1940లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ బల్ల మీది దీపంలో మైకు, కింది గదిలో మెషీన్, విలేకరుల సమావేశాలు రికార్డు చెయ్యడానికని. మెషీన్ ఆపకుండా వదిలేస్తే సొంత మాటలు కూడా ఎక్కాయి, జపాన్ మీద ఆయన చిరాకుతో సహా. అన్నేళ్లు అక్కడే ఉన్నాయి, పట్టించుకున్న నాథుడు లేడు. జీవితమంతా కాగితాలు తిరగేసిన మనిషికి గొంతు వినపడిందమ్మా! అది తీసుకెళ్లి నువ్వు అవార్డుల పక్కన పడేశావు.

పీహెచ్‌డీ చెయ్యాలా, ఇంగ్లీషులో రాయాలా, ఏ పబ్లిషర్ మంచివాడు అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ దీపం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి, బయోడేటా తీసెయ్యి. సంక్రాంతిలోపు పంపు, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, నెల రోజులు చదవనివ్వరట.