సమాధానం: భూకంపం వస్తే పడవను సముద్రం లోపలికి తీసుకెళ్లాలా, రేవులోనే వదిలేయాలా?

మీరున్న చోటే నేల గట్టిగా ఊగితే పడవ సంగతి మర్చిపోండి. తాళ్లు విప్పే వ్యవధి కూడా ఉండదు, కొన్ని నిమిషాల్లోనే సునామీ అల రావచ్చు. హెచ్చరిక కోసం చూడకుండా మిట్టకు నడవండి.

భూకంపం ఎక్కడో దూరాన వచ్చి, చేతిలో గంటలు ఉంటే లెక్క వేరు. 2011లో జపాన్ సునామీ కాలిఫోర్నియాలోని క్రెసెంట్ సిటీ రేవును చేరడానికి దాదాపు పది గంటలు పట్టింది. ముందే బయటికెళ్లిన పడవలు బతికాయి, కట్టి ఉంచినవి చాలా దెబ్బతిన్నాయి. అక్కడ నాశనం చేసింది అల ఎత్తుకంటే రేవులో సుడులు తిరిగిన ప్రవాహమే.

మీరు ఇప్పటికే నీళ్లమీద ఉంటే ఒడ్డుకు రావద్దు. నాలుగు వేల మీటర్ల లోతులో సునామీ గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కానీ ఎత్తు తక్కువ కాబట్టి పడవకు తెలియనే తెలియదు. లోతు తగ్గేకొద్దీ వేగం పడిపోయి, నీరు పైకి లేస్తుంది. కనీసం 180 మీటర్ల లోతుకు వెళ్లమని సాధారణంగా చెప్తారు.

మొదటి అలే పెద్దదని అనుకోకండి. గంటల తరబడి వస్తూనే ఉంటాయి, అందుకే అధికారులు అనుమతించాకే రేవులోకి రావాలి. అంతసేపటికి డీజిల్, తాగునీరు, రేడియో ఉన్నాయా? లేకపోతే బయల్దేరకండి.