జనరల్ మీద వ్యాసం రాస్తున్న మనవరాలికి

చిరంజీవి చిన్నీకి, తాతయ్య ఆశీస్సులు.

సెమినార్‌కి 1944లో పారిస్‌లో జర్మన్ సేనల అధిపతిగా ఉన్న డీట్రిష్ ఫన్ కోల్టిట్జ్‌ని ఎంచుకున్నావు, బాగుంది. కానీ నీ మొదటి వాక్యం చూసి కాస్త కంగారు పడ్డాను. "పారిస్‌ను కాపాడిన జనరల్" అని మొదలెట్టావు. చరిత్ర మాస్టారుగా నేనూ ఏళ్ల తరబడి క్లాసులో అదే చెప్పాను. ముందు దాన్ని కొట్టెయ్యి. హిట్లర్‌కి మతి చెడిందని గ్రహించి, పారిస్‌ని నాశనం చెయ్యమన్న ఆయన ఆజ్ఞని కాదన్నానని యుద్ధం అయ్యాక చాటుకున్నది కోల్టిట్జే. తన డప్పు తానే కొట్టుకున్న మనిషిని సాక్షిగా పిలిచేముందు మిగతా కాగితాలు చూడాలి కదమ్మా.

కథని 1944 ఆగస్టులో మొదలుపెట్టకు. 1940 మే 10కి వెళ్లు. ఆ రోజు ఆయన పదాతి బెటాలియన్‌తో విమానాల్లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో దిగి, మాస్ నది వంతెనల కోసం పోరాడాడు. నాలుగు రోజులకి జర్మన్ బాంబులు ఆ ఊరి నడిబొడ్డుని బుగ్గి చేశాయి. 1942లో క్రిమియాలోని సెవస్తోపోల్ దగ్గర రెజిమెంట్ కమాండర్.

ర్యాంకు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. "పదాతిదళ జనరల్" అన్నది హోదా పేరు, మన లెఫ్టినెంట్ జనరల్‌కి దాదాపు సమానం. పదాతిదళాన్నే నడిపాడని అర్థం కాదు. 1943లో ఆయన చేతిలో ఉన్నది ట్యాంకుల కోర్. ఈ హోదా వచ్చింది 1944 ఆగస్టు 1న, పారిస్ పోస్టింగ్‌కి వారం ముందు.

ఇక అసలు కాగితం. లొంగిపోయాక ఆయన్ని లండన్ దగ్గర ట్రెంట్ పార్క్ బంగ్లాలో ఉంచారు. గదుల్లో మైకులు దాచి బ్రిటిష్ వాళ్లు జనరల్స్ కబుర్లు విన్నారు. ఆ ఆగస్టు నెలాఖరులోనే ఆయన తోటి ఖైదీలతో, తాను చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది యూదులను మట్టుబెట్టడమనీ, ఆ ఆజ్ఞని పూర్తిగా అమలు చేశాననీ అన్నాడు. ఎవరో వింటున్నారని తెలియక అన్న మాట కాబట్టి నేను దానికే ఎక్కువ విలువిస్తాను. అయితే అది ఏ ఊళ్లో జరిగిందో నువ్వు సొంతంగా ఊహించి రాయకు.

పారిస్ వంతెనలు పేల్చలేదన్నది నిజమే. ఎందుకు పేల్చలేదు? మనసొప్పలేదా, ఆగస్టు 19న ఊరు తిరగబడ్డాక చేతిలో బలగం చాల్లేదా, ప్రాణం దక్కితే చాలనుకున్నాడా? మూడూ రాయి, తీర్పుకి తొందరపడకు. జర్మన్లకీ తిరుగుబాటుదారులకీ మధ్య స్వీడన్ కాన్సుల్ నోర్డ్‌లింగ్ కుదిర్చిన సంధినీ వదలొద్దు. ఆగస్టు 25న లొంగిపోయాడని రాసేముందు, ఆగస్టు 15న సుమారు 2,200 మంది ఖైదీలతో పారిస్ పక్కనున్న పాంతాఁ స్టేషన్ నుంచి జర్మనీ క్యాంపులకి కదిలిన రైలు గురించీ ఒక పేరా రాయి. అప్పటికి ఆయన పారిస్‌లో ఉండి ఆరు రోజులు.

రెండో డ్రాఫ్ట్ అక్షరాలు పెద్దవి చేసి పంపు, కళ్లజోడు మార్చాలన్నారు నాకు.

తాతయ్య