నాలుగు లక్షలు చేస్తాయనుకుంటున్న మీ కార్డులకు నిజంగా ఎంత వస్తుంది?

గాజువాక నుంచి ఒకాయన రాశారు. వయసు 38, ప్రైవేటు ఉద్యోగం. మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో ఆటగాళ్ల బొమ్మలుండే బాస్కెట్‌బాల్, క్రికెట్ కార్డులు కొంటున్నారు, ఇప్పటికి 1.4 లక్షలు పెట్టారు. నెట్‌లో ధరలు చూసి లెక్కేస్తే అవి 4 లక్షలు చేస్తున్నాయట. పాప ఇంజనీరింగ్ కోసం దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీసేసి ఒక మంచి రూకీ కార్డు (ఆటగాడు కొత్తగా వచ్చినప్పటి మొదటి కార్డు) కొంటే అయిదేళ్లలో రెట్టింపు అవుతుందా అని అడుగుతున్నారు.

ముందు ఆ 4 లక్షల సంగతి తేల్చుకుందాం. మీరు చూసింది అమ్మేవాళ్లు అడుగుతున్న ధర అండీ. మధురవాడలో నా స్థలం గజం రెండు లక్షలని నేను బోర్డు పెట్టుకుంటే ఎవరొద్దంటారు? కొన్నవాడు చేతికి ఎంత ఇచ్చాడన్నదే ధర. ఈబే అనే అమ్మకాల సైటులో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి అదే ఆటగాడు, అదే ఏడాది, అదే సెట్ (ఒక కంపెనీ కలిపి అచ్చేసిన కార్డుల వరస), అందులో అదే నంబరు, అదే గ్రేడు ఉన్న కార్డు ఈ మధ్య ఎంతకు పోయిందో చూడండి, అదీ ఒక్క అమ్మకం చూసి మురిసిపోకుండా అయిదారు చూసి మరీ ఎక్కువ, మరీ తక్కువ ఉన్నవి పక్కన పెట్టండి. ధర మీద గీత కొట్టి ఉంటే బేరమాడి అంతకంటే తక్కువకే ఇచ్చారని అర్థం.

గ్రేడు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పీఎస్ఏ లాంటి సంస్థలు కార్డు మూలలు, అంచులు, పైపొర, బొమ్మ మధ్యకు వచ్చిందా లేదా చూసి 1 నుంచి 10 దాకా మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి ఇస్తాయి. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డే తీసుకోండి, 10 వచ్చినదానికి పలికే ధరలో 9 వచ్చినదానికి సుమారు పదో వంతే పలుకుతుంది. మామూలు కంటికి ఆ రెండింటికీ తేడా తెలియదు! మీ దగ్గరున్న కార్డుల్లో చాలావాటికి అసలు గ్రేడే లేదు, కానీ మీరు లెక్క కట్టింది మాత్రం 10 గ్రేడు ధరలతో.

పాతదైతే చాలు విలువ అనుకోవడం ఇంకో పొరపాటు. అమెరికాలో 1980ల చివర, 90ల మొదట్లో కార్డులు కుప్పలు తెప్పలుగా అచ్చేశారు, కొన్నవాళ్లంతా ఎప్పుడో ధర వస్తుందని జాగ్రత్తగా దాచారు, అందరూ దాచారు కాబట్టే వాటిలో చాలావాటికి ఇవాళ్టికీ విలువ లేదు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు కథ దీనికి తలకిందులు. అమ్ముడుపోక మిగిలిన పెట్టెల్ని 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గరే చెప్పుకున్నాడు. 9.5 గ్రేడు ఉన్న అదే కార్డు 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. తమాషా ఏమిటంటే అది మాంటిల్ రూకీ కార్డు కూడా కాదు, రూకీ 1951లో బౌమన్ అనే కంపెనీ వేసిన సెట్‌లో ఉంది. కాబట్టి రూకీ అన్న ఒక్క మాట పట్టుకుని 3 లక్షలు పెట్టకండి.

ఇక రెట్టింపు సంగతి. ఆ జోర్డాన్ 10 గ్రేడు కార్డు 2021 జనవరిలో 7.38 లక్షల డాలర్లు పలికింది. మరుసటి ఏడాదికి 2 లక్షల డాలర్ల చుట్టుపక్కలకు దిగింది. కార్డు అదే, జోర్డాన్ అదే, లాక్‌డౌన్ రోజుల్లో ఎగబడి కొన్నవాళ్లు చల్లబడ్డారు, అంతే.

మన క్రికెట్ కార్డులకైతే నలుగురూ ఒప్పుకునే ధరే ఉండదు. 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద మన వైజాగ్‌లో 148 కొట్టిన రోజు నేను స్టేడియంలో ఉన్నాను, ఆ టికెట్ ముక్క ఇంకా నా దగ్గరుంది. ఎంతిస్తారని సరదాకి ఇద్దర్ని అడిగితే ఒకాయన 500 అన్నాడు, ఇంకొకాయన 6,000 అన్నాడు. కొనేవాళ్లు పదిమంది కూడా లేనిచోట ఇలాగే ఉంటుంది. (అమ్మలేదు లెండి.) మీ చిన్నప్పటి బిగ్ ఫన్ బబుల్‌గమ్ కార్డులదీ ఇదే పరిస్థితి, వాటిని లెక్కలో సున్నా వేసి పాపకు చూపించుకోండి.

చేతికి వచ్చేదెంతో కూడా చూడండి. 30,000కు ఒక కార్డు అమ్మారనుకుందాం. సైటు కమీషన్ సుమారు 13 శాతం అంటే 3,900 పోయింది, విదేశానికి ట్రాకింగ్ ఉన్న కొరియర్, ప్యాకింగ్ కలిపి 2,000 అనుకున్నా 24,100 మిగులుతుంది, అందులో డాలర్లు రూపాయలుగా మార్చినందుకు బ్యాంకు తీసుకునేది ఇంకా తీయలేదు. బయటి నుంచి తెప్పించినప్పుడు కస్టమ్స్‌కి కట్టినదీ కొన్న ధరలో కలుపుకోవాలి. లాభం వస్తే పన్ను ఎలాగో మీ ఆడిటర్‌ని అడగండి. పైగా మన ఊరి సముద్రపు గాలికి కార్డు వంగిందంటే గ్రేడు పడిపోతుంది, కాబట్టి ఉన్నవాటిని సిలికా జెల్ ప్యాకెట్లు వేసి గాలి చొరని డబ్బాలో పెట్టండి, అటక మీద వద్దు.

ఎఫ్‌డీ ముట్టుకోకండి. కాలేజీ ఫీజుకి గడువు తేదీ ఉంటుంది, ఆ వారంలోనే మీ కార్డు కొనేవాడు దొరకాలని ఎక్కడా లేదు. సరదా మానమని అనను, నెలకు 2,000 దాటకుండా కొనుక్కోండి, ఆ డబ్బు సినిమా ఖర్చు లాంటిదే అనుకోండి.

ఒక పని చేయండి. మీ దగ్గరున్నవాటిలో బాగా ధర వస్తుందనుకున్న కార్డు ఒకటి నిజంగా అమ్మకానికి పెట్టండి. డబ్బు ఎన్నాళ్లకు వచ్చింది, చివరికి ఎంత వచ్చింది రాసి పంపండి, మిగతావాటి లెక్క అప్పుడు కూర్చుని వేద్దాం.